ప్రశాంతత కోరేవారికి ఏ లంక? పోతార్లంకా, ఎదురుమొండా?

తాడేపల్లి: ఊరు విడిచి ఎక్కడైనా నిమ్మళంగా బ్రతుకుదామనే మాట ఈ ప్రాంతంలో తరచు వినవస్తున్నది. ఇందుకు కారణాలు వెతకనక్కరలేదు. ఒకవైపు జాతీయ రహదారి, మరొకవైపు కృష్ణా కెనాల్ జంక్షన్ గుండా రాత్రింబవళ్ళు సాగే రైళ్ళు, 2014 తర్వాత రాజధాని పేరిట వచ్చిపడిన కార్లు, క్రేన్లు, అపార్టుమెంట్లు. 2021లో మంగళగిరితో కలిపి నగరపాలక సంస్థ చేశారు. నిన్నమొన్నటిదాకా అరుగు మీద కూర్చుని ఎదురింటివారితో కబుర్లు చెప్పుకున్న పెద్దలు ఇప్పుడు తలుపులు వేసుకుని కూర్చుంటున్నారు. పిల్లలు హైదరాబాదో అమెరికాయో పోగా పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలినవారు కొందరు. 2015లో భూసమీకరణకు పొలం ఇచ్చి, చేతిలో సొమ్మున్నా చేతికి పని లేక పొద్దుపోనివారు మరికొందరు. వీరిలో పలువురి చూపు కృష్ణలోని లంకల మీద పడడం సహజం.

లంక అనగానే మనవారికి ముందుగా గుర్తుకు వచ్చేది బ్యారేజీకి ఎగువన ఉన్న భవానీ ద్వీపం. అది విహారానికి వెళ్ళి సాయంత్రానికి తిరిగివచ్చే చోటేగాని కాపురానికి పనికివచ్చేది కాదు. రాయపూడి వద్ద పెదలంక ఉన్నది గాని, రాజధాని ఎదుటనే ఉన్న లంకలో ప్రశాంతత ఎన్నేళ్ళు నిలుస్తుందో చెప్పడం కష్టం. ఇక మిగిలినవి బ్యారేజీకి దిగువనున్న లంకలు. ఎంపిక చేసుకోదలచినవారి ముందు రెండు రకాల ఊళ్ళు ఉన్నాయి. ఒకటి, నిన్నటి గుంటూరు జిల్లాలోనిదై 2022 నుంచి బాపట్ల జిల్లాలో చేరిన కొల్లూరు మండలం పోతార్లంక. రెండవది, కృష్ణ సముద్రంలో కలిసేచోట, నాగాయలంక మండలంలోని ఎదురుమొండి. రెండింటికీ కృష్ణమ్మే తల్లి. రెండూ నాలుగువైపులా నీరున్న ఊళ్ళే. అంతమాత్రాన రెండూ ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఒకటి ఏటి ఊరు, మరొకటి సముద్రపు ఊరు.

ముందుగా పోతార్లంక సంగతి. సీతానగరం దగ్గర మొదలయ్యే కృష్ణా కుడి కరకట్ట పట్టుకుని దిగువకు పోతే కొల్లిపర, కొల్లూరు మండలాల పొడవునా నదిలో లంకలు కనిపిస్తాయి. అన్నవరపులంక, కొత్తూరులంక, ఈపూరులంక, చిలుమూరులంక, చింతర్లంక, సుగ్గునలంక, పెసర్లంక, ఇట్లా పేర్లు వరుసగా వస్తాయి. పోతార్లంకకు దోనేపూడి వద్ద కట్ట దిగి లోలెవల్ వంతెన మీదుగా వెళ్ళాలి. మామూలు రోజుల్లో ఆ వంతెన మీద ట్రాక్టర్లు, ఆటోలు, పాల క్యాన్ల మోటారు సైకిళ్ళు హాయిగా తిరుగుతాయి. అది లంక అనే సంగతే గుర్తుకు రాదు.

అక్కడి నేల ఒండ్రు నేల. మన మెట్ట ప్రాంతపు నల్లరేగడిలో పత్తి, మిరప వేసి వానకు మొహం వాచినవారు ఆ నేల చూస్తే ఆశపడక మానరు. అరటి, పసుపు, కంద, తమలపాకు, కూరగాయలు, ఏది వేసినా పండే భూమి. పసుపు పండితే దుగ్గిరాల యార్డు దగ్గరలోనే ఉన్నది. మనిషికి కావలసిన సరుకులన్నీ కొల్లూరులో దొరుకుతాయి, పెద్ద పనికి తెనాలి ఉన్నది. తాడేపల్లి మనిషికి భాష, కట్టుబాటు, వంట, చుట్టరికాలు ఏవీ కొత్తవి కావు. గుంటూరు మిర్చి యార్డులో ఎండుమిరప ఘాటుకు తుమ్మి తుమ్మి వచ్చిన రైతుకు సాయంత్రం అరటితోటల మీదుగా వచ్చే ఏటిగాలి ఎంత హాయినిస్తుందో చెప్పనక్కరలేదు. వేసవిలో చూసి వచ్చినవాడు ఆ రాత్రే బయానా ఇవ్వాలనుకుంటాడు.

ప్రమాదమంతా ఆ వేసవి చూపులోనే ఉన్నది.

కృష్ణలో నీరు ప్రతి ఏడూ ఒకే తీరుగా రాదు. 2001 నుంచి 2004 దాకా నదిలో కరువే. 2023లోనూ ఎగువ జలాశయాలు నిండక నది ఇసుక తేలింది. ఆ ఏడు లంకకు వెళ్ళి స్థలం చూసినవానికి వరద భయం గురించి ఎవరైనా చెబితే నవ్వులాటగా తోచి ఉంటుంది. మరుసటి సంవత్సరమే, 2024 సెప్టెంబరు మొదటి వారంలో, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 40 వేల క్యూసెక్కుల పైచిలుకు వరద దిగింది. 2009 అక్టోబరు నాటి పెద్ద వరదను కూడా అది మించిపోయింది. లంకలు మునిగాయి. పడవల మీద జనాన్ని తరలించవలసి వచ్చింది. అరటి, పసుపు, కంద కుళ్ళిపోయాయి. కరకట్టకు గండి పడుతుందేమోనని దిగువ గ్రామాలవారు ఇసుక బస్తాలు మోస్తూ రాత్రిళ్ళు కట్ట మీద గడిపారు. 2019 ఆగస్టులో వచ్చిన వరద ఇంకా జ్ఞాపకం నుంచి చెరగకముందే ఇది రావడంతో లంక రైతు నడుము విరిగింది.

బ్యారేజీ ఉన్నది కదా, ఆపలేదా అని పలువురు అడుగుతారు. ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట గాని, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ గాని కాలవలకు నీరు మళ్ళించడానికి కట్టినవేగాని వరదను ఆపడానికి కట్టినవి కావు. బ్యారేజీలో నిలిచేది మూడు టీఎంసీలు మాత్రమే. పైనున్న పులిచింతలలో 45 టీఎంసీలు పట్టినా, వర్షాకాలంలో అది నిండి ఉన్నప్పుడు పైనుంచి వచ్చినది వచ్చినట్లు దిగువకు వదలడం తప్ప మార్గం లేదు. 2021 ఆగస్టులో పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోయినప్పుడు జలాశయంలోని నీటినే ఖాళీ చేయవలసి వచ్చిన సంగతి పాఠకులకు విదితమే. కనుక లంకలో ఇల్లు కట్టుకునేవాడు తన ఇంటి వాకిట్లోకి నీళ్ళు వస్తాయా రావా అని కాదు, ఎన్నేళ్ళకొకసారి వస్తాయి, ఎంత ఎత్తున వస్తాయి అని అడగాలి.

బ్యారేజీ వద్ద 3 లక్షల 97 వేల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5 లక్షల 69 వేలకు రెండవ హెచ్చరిక జారీ చేస్తారు. తాడేపల్లివారికి ఈ అంకెలు పత్రికలో చదివి పక్కన పెట్టే అంకెలు. లంకవారికి అట్లా కాదు. రేడియోలోనో, టీవీలోనో, ఇప్పుడైతే సెల్‌ఫోన్‌లోనో అంకె వినగానే గేదెలను ఎప్పుడు విప్పాలి, బియ్యం బస్తా అటక మీదికి ఎప్పుడు చేర్చాలి, ముసలివారిని ఎప్పుడు కట్ట దాటించాలి అనే లెక్క ఇంటింటా మొదలవుతుంది. రెండవ హెచ్చరిక కోసం ఆగేవాడు లంకలో పుట్టినవాడు కాదు. కొత్తగా వచ్చినవాడికి ఈ లెక్క రావాలంటే రెండు మూడు వర్షాకాలాలు పడుతుంది. లోలెవల్ వంతెన మీదికి నీరు ఎక్కిందంటే ఊరు మునగకపోయినా దారి మునిగినట్లే. అప్పుడు కట్ట మీద నుంచి చూస్తే ఊరు కనిపిస్తూనే ఉంటుంది, కాలు పెట్టే దారి మాత్రం ఉండదు.

ఇక ఎదురుమొండి. తాడేపల్లి నుంచి రేపల్లె మీదుగా పెనుమూడి వారధి దాటి అవనిగడ్డ, అక్కడ నుంచి నాగాయలంక, తర్వాత ఏటిమొగ రేవు. ఆపైన పంటు ఎక్కాలి. మనిషి, మోటారు సైకిలు, మేకలు, సిమెంటు బస్తాలు, పెళ్ళి సామాను అన్నీ ఒకే పంటు మీద దాటవలసిందే. ఎదురుమొండి చేరాక ఆ దీవిలోనే గొల్లమంద, జింకపాలెం, నాచుగుంట, బ్రహ్మయ్యగారిమూల వంటి పల్లెలు ఉన్నాయి. వాటికి దిగువన ఈలచెట్లదిబ్బ ఉన్నది. ఆపైన మడ అడవులు, ఆ తర్వాత బంగాళాఖాతం. బావురుపిల్లి తిరిగే కృష్ణా అభయారణ్యం ఆ చుట్టుపక్కలదే.

నిశ్శబ్దమంటే ఇక్కడిదే నిశ్శబ్దం. లారీ హారను వినబడదు. పీతలు, రొయ్యలు, పండుగప్ప వంటి చేపలు ఉదయం పట్టినవి మధ్యాహ్నానికి కూరలోకి వస్తాయి. చేపల కూర తినడానికి వారం వారం సీతానగరం రేవు దగ్గర బేరమాడేవారికి ఆ దీవి స్వర్గమే. కాని మంచినీళ్ళ గ్లాసు దగ్గరకు వచ్చేసరికి స్వర్గం కాస్తా దిగిపోతుంది. సముద్రం పక్కనే కనుక భూమిలోని నీరు ఉప్పు. బోరు వేస్తే తియ్యని నీరు పడుతుందనే మన మెట్ట ప్రాంతపు ధీమా అక్కడ చెల్లదు. ఏ ఊరికి నీళ్ళు ఎక్కడ నుంచి వస్తున్నాయి, ఎండాకాలంలో ఎన్నాళ్ళకొకసారి వస్తున్నాయి అని ఇల్లాళ్ళను అడిగి తెలుసుకోవాలి. మగవారు ఈ ప్రశ్న అడగరు, అడిగినా వినరు.

అన్నిటికంటె పెద్ద మాట సముద్రానిది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. పదివేల మందికి పైగా మరణించారు. శవాలను గుర్తుపట్టేవారు లేక సామూహికంగా ఖననం చేసిన ఊళ్ళున్నాయి. ఆనాడు మండలి వెంకట కృష్ణారావు వంటివారు పూనుకుని పునరావాసానికి పాటుపడ్డారు. తర్వాతి తుఫానులలో తేడా కనిపించింది. 1990 మేలో వచ్చిన తుఫాను కూడా భీకరమైనదే, ఐతే ముందుగా లక్షల మందిని తరలించినందున ప్రాణనష్టం వేయిలోపు ఉన్నది. ఇప్పుడు తుఫాను షెల్టర్లు వచ్చాయి, వాతావరణ కేంద్రం నాలుగు రోజుల ముందే చెబుతున్నది. 2010లో లైలా, 2023 డిసెంబరులో మిచౌంగ్ రెండూ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. జనం ముందే కదిలారు. అందువల్ల ఎదురుమొండిలో ఉంటే ప్రాణం పోతుందని బెదరనక్కరలేదు. కాని తుఫాను మాట వినబడిన ప్రతిసారీ ఇల్లు వదిలి పంటు ఎక్కడమో, షెల్టరులో తలదాచుకోవడమో తప్పదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మూట కట్టుకునే ఓపిక అరవై ఏళ్ళ వయసులో ఎందరికి ఉంటుంది?

ఏటి వరదకు, సముద్రపు ఉప్పెనకు తేడా ఏమిటంటే ఏరు చెప్పి వస్తుంది, మెల్లగా వస్తుంది, వచ్చినది రెండు మూడు రోజులలో దిగిపోతూ పొలంలో కొత్త ఒండ్రు వేసి పోతుంది. పైగా తియ్యని నీరు. సముద్రం ఒక్క ఊపున వస్తుంది, పోతూ నేలను ఉప్పు చేసి పోతుంది. ఆ ఉప్పు విరగడానికి కొన్నేళ్ళు పడుతుంది. వ్యవసాయం మీద మమకారం చావని మెట్ట రైతుకు ఈ ఒక్క తేడా చాలు, ఎటువైపు మొగ్గాలో తేల్చుకోవడానికి.

వ్యవసాయం అక్కరలేదు, పింఛను ఉన్నది, కూర్చుని తింటాం అనేవారు వేరే పరీక్ష పెట్టుకోవాలి. ఇంట్లో ఇల్లాలు రాత్రిపూట వేసే ప్రశ్నే ఆ పరీక్ష. "ఏమండీ, అర్ధరాత్రి మీకు గుండెల్లో నొప్పి వస్తే నేను ఎవరిని పిలవను?" పోతార్లంకలో ఐతే, వంతెన మీద నీరు లేని రోజుల్లో, ఫోను చేస్తే 108 బండి వస్తుంది, తెనాలి చేరవచ్చు. నీరున్న రోజుల్లో పడవ తప్ప దిక్కు లేదు. ఎదురుమొండిలో ఏడాది పొడవునా పడవే దిక్కు. రాత్రి పంటు నడిపేవాడు నిద్ర లేవాలి, ఏటిపోటు అనుకూలించాలి, ఆవలి ఒడ్డున బండి సిద్ధంగా ఉండాలి, ఆపైన అవనిగడ్డ దాకా పోవాలి. పురిటి నొప్పులు పడుతున్న ఆడవారిని పంటు మీద దాటించడం ఆ దీవివారికి కొత్త కాదు. పుట్టి పెరిగినవారు తప్పక భరిస్తున్నారు. కోరి వెళ్ళేవారు అది తెలుసుకుని వెళ్ళాలి.

పడవ ప్రయాణం సరదా అనుకునేవారికి ఒక్క మాట. 2017 నవంబరు 12న మన ఎదుటి ఒడ్డునే, పవిత్ర సంగమం దగ్గర, విహారానికి బయలుదేరిన పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. కార్తీక మాసపు ఆదివారం, పట్టపగలు, జనసమ్మర్దం ఉన్న చోటు. ఎక్కవలసినవారికంటె ఎక్కువమంది ఎక్కిన పడవను ఏ రేవులోనూ ఎక్కకూడదు. పడవ వాడు ఏమీ కాదంటాడు. వాడి మాట వినకూడదు.

తరువాత భూమి పత్రాల సంగతి. దీన్ని తేలికగా తీసుకుని సొమ్ము పోగొట్టుకునేవారు ఎక్కువ. లంక భూములలో పట్టా భూములు ఉన్నాయి, ప్రభుత్వం కౌలుకు ఇచ్చినవి ఉన్నాయి, బీదలకు డి-పట్టాలుగా ఇచ్చినవి ఉన్నాయి. అసైన్డ్ భూమిని కొనడం, అమ్మడం 1977 నాటి చట్టం నిషేధించింది. తర్వాత కొన్ని సడలింపులు వచ్చినా, ఏ భూమికి వర్తిస్తాయో తహసీలుదారు కార్యాలయంలో, రిజిస్ట్రారు కార్యాలయంలో రాతపూర్వకంగా తేల్చుకోవాలేగాని మధ్యవర్తి మాట మీద నమ్మరాదు. తెల్ల కాగితం మీద రాసుకున్న ఒప్పందం గాలికి పోయే అరటాకుతో సమానం. పైగా ఏరు ఒక వైపు కోసి మరొక వైపు మేట వేస్తుంది. కాగితంలో ఎకరం ఉంటుంది, ఏటిగట్టున చూస్తే అర ఎకరమే మిగిలి ఉంటుంది. అవనిగడ్డ దగ్గరి ఎడ్లంకలో ఇళ్ళే కోతకు గురై ఏట్లో కలిశాయి. ఏటి ఒడ్డున చెట్టు అనే మాట ఊరికే పుట్టలేదు. అందువల్ల లంకలో స్థలం చూసేవాడు ఒండ్రు నాణ్యం కంటె ముందు ఒడ్డు కోత చూడాలి. నదికి ఎంత దూరం అన్నది కాదు, అయిదేళ్ళ క్రితం ఎంత దూరం ఉండేది అన్నది అడగాలి. ఇసుక తోడకం ఎక్కువగా ఉన్నచోట ఈ కోత వేగం మరీ ఎక్కువ.

కౌలుకు తీసుకుని అరటి వేద్దామనుకునేవారు కూడా ఒక జాగ్రత్త పడాలి. వరద వచ్చినప్పుడు నష్టపరిహారం కౌలురైతుకు అందాలంటే 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు కార్డు ఉండాలి. దానికి భూస్వామి సంతకం కావాలి. సంతకం పెట్టడానికి భూస్వాములు జంకుతారు. ఫలితంగా పంట పోయేది ఒకరిది, పరిహారం వెళ్ళేది మరొకరి ఖాతాకు. లంకలలో వరద దిగిన ప్రతిసారీ ఈ గొడవ వినిపిస్తూనే ఉన్నది. అధికారులు పొలంలో నిలబడి పేరు రాసుకునే పద్ధతి వస్తేనేగాని ఇది తీరదు.

ఇదంతా ఒక ఎత్తు. అసలు ప్రశాంతత కోసం లంకకు పోవాలనుకునేవారు ఆలోచించవలసిన మాట ఇంకొకటి ఉన్నది. తాడేపల్లి మనిషికి నచ్చిన ఆ నిశ్శబ్దం ఎక్కడి నుంచి వచ్చింది? బస్సు రాదు కనుక నిశ్శబ్దం. చదువుకున్న కుర్రవాళ్ళు తెనాలికో బెజవాడకో పోయారు కనుక నిశ్శబ్దం. పిల్లనిచ్చేవారు పంటు దాటాలని వెనుకాడుతున్నారు కనుక నిశ్శబ్దం. ఎదురుమొండివారు దశాబ్దాలుగా వంతెన కావాలని అడుగుతున్నారు. దోనేపూడి వద్ద వంతెన ఎత్తు పెంచాలని లంకలవారు వరద వరదకూ మొరపెట్టుకుంటున్నారు. రేపు హైలెవల్ వంతెన వస్తే కార్లు వస్తాయి, రిసార్టులు వస్తాయి, నిశ్శబ్దం పోతుంది. అప్పుడు మన తాడేపల్లి పెద్దమనిషి ఏమంటాడు? వంతెన వద్దంటాడా? అట్లా అనేవాడు ఆ ఊరికి వెళ్ళకపోవడమే మంచిది. పొరుగువాడి కష్టం మీద దొరికే ప్రశాంతతను అనుభవించడానికి వెళ్ళినవానికి, రాత్రి నొప్పి వచ్చినప్పుడు పడవ వేయమని ఆ పొరుగువాడినే అడగడానికి నోరు ఎట్లా వస్తుంది? వెళ్ళేవాడు వంతెన కావాలనే అర్జీ మీద ముందుగా తన సంతకం పెట్టి వెళ్ళాలి. చదువుకున్నవాడైతే ఆ అర్జీ తానే రాసి పెట్టాలి.

రెండింటిలో ఏది అని సూటిగా అడిగితే, అరవై దాటిన దంపతులకు, వ్యవసాయం మీద మమకారం ఉన్న మెట్ట రైతుకు పోతార్లంకే మేలని చెప్పవలసి ఉంటుంది. ఏటి నీరు తియ్యన, మార్కెట్టు దగ్గర, ఆస్పత్రికి దారి ఏడాదిలో ఎక్కువ నెలలు తెరిచి ఉంటుంది, చుట్టాలు వచ్చిపోగలరు. ఒంట్లో సత్తువ ఉండి, చేపల వ్యాపారమో, రొయ్యల చెరువో, బడిపంతులు ఉద్యోగమో ఉన్న నడివయసువాడు, పంటు కోసం అరగంట వేచి ఉండడం కష్టమనుకోనివాడు ఎదురుమొండిలో హాయిగా ఉండగలడు. నిశ్శబ్దంలో మాత్రం ఎదురుమొండిదే పైచేయి, అందులో సందేహం లేదు. కాని నిశ్శబ్దం ఒక్కటే తిని బ్రతకలేం.

ఏ ఊరైనా సరే, కొనడానికి ముందు ఒక వర్షాకాలం అద్దెకు ఉండి చూడడం ఉత్తమం. ఆషాఢంలో వెళ్ళి కార్తీకం దాకా ఉంటే ఏటి సంగతి, ఊరి సంగతి, తమ సంగతి మూడూ తెలుస్తాయి. తాడేపల్లి ఇంటిని వెంటనే అమ్మివేయకుండా కనీసం ఒక గది ఉంచుకుని తాళం పెట్టి వెళ్ళాలి. అద్దెకు ఉండే వీలు లేనివారు ఆశ్వయుజం వెళ్ళాక, వంతెన మీద నీరు దిగాక, ఒక రోజు పోతార్లంక వెళ్ళి ఇళ్ళ గోడల మీద 2024 వరద మరక ఎంత ఎత్తున ఉన్నదో టేపు పెట్టి కొలుచుకురావాలి. ఆ మరకకు రెండడుగులు పైన గచ్చు వేసి ఇల్లు కట్టడానికి మేస్త్రి ఎంత అడుగుతాడో లెక్క వేయించుకుని, ఆ లెక్క ఇల్లాలికి చూపించి, ఆమె సరేనన్న తర్వాతనే బయానా ఇవ్వవలసియున్నది.